పాత ఫోర్ బై ఫోర్‌లో వార్నింగ్ లైటు వెలిగితే: పార్టు మార్చేముందు చూడాల్సినవి

2021 నవంబరులో తిరుపతిని ముంచెత్తిన వానలను ఇక్కడివాళ్ళెవరూ మర్చిపోలేదు. రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్ళవాళ్ళు సామాన్లు సర్దుకున్న రోజులవి. మా వీధిలో మోకాటి లోతు నీళ్ళు రెండు రోజులు నిలిచాయి. నా ఏపీ 03 నంబరు డీజిల్ ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలూ లాగగలిగే బండి), 2011 మోడల్, ఆ నీళ్ళలోనే ఉండిపోయింది. నీళ్ళు తీశాక సెల్ఫ్ కొడితే ఒక్క దెబ్బకే స్టార్టయింది. గండం గడిచిందనుకున్నాను. నెల తిరక్కముందే ఒక పొద్దున తాళం తిప్పితే ఇంజిన్ లైటు, ఏబీఎస్ (బ్రేకు గట్టిగా తొక్కినా చక్రాలు లాక్ కాకుండా చూసే ఏర్పాటు) లైటు, ఫోర్ బై ఫోర్ లైటు మూడూ వెలిగాయి. ఇంజిన్ స్టార్టయ్యాక కూడా ఆరలేదు.

మొదట చూపించిన షెడ్‌లో స్కానర్ పెట్టి అరగంట చూశారు. ఈసీఎం, అంటే ఇంజిన్ కంప్యూటర్ పోయింది, నలభై వేలవుతుంది అన్నారు. చివరికి బండిని బాగుచేసింది మూడు వందల రూపాయల ఎర్త్ పట్టీ, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగివచ్చే దారిలో ఉండే పట్టీ. ఆ సంగతి కింద వివరంగా చెప్తాను, ఎందుకంటే ఈ మార్గదర్శి మొత్తానికి అదే పునాది. వార్నింగ్ లైటు వెలిగిందంటే, ఎక్కడో ఒక సెన్సరు పంపిన సంకేతం కంప్యూటరుకు తేడాగా అనిపించిందని మాత్రమే అర్థం. తేడా సెన్సరులో ఉందా, వైరులో ఉందా, బ్యాటరీలో ఉందా, నిజంగానే ఇంజిన్‌లో ఉందా అన్నది మనం వెతుక్కోవాలి. పదేళ్ళు దాటిన బండిలో ఆ వెతుకులాట చవకైన చోట మొదలుపెట్టి ఖరీదైన చోటికి వెళ్ళాలి. బొలెరో, స్కార్పియో, సఫారి, పాత థార్, పజెరో, జిప్సీ, ఏది ఉన్నా ఈ వరస పనికొస్తుంది. గుర్తులు, అంకెలు కొంచెం మారతాయి కాబట్టి మీ బండి ఓనర్స్ మాన్యువల్ పక్కన పెట్టుకోండి.

మొదటి పని: తాళం ఆన్ చేసి, స్టార్ట్ చేయకుండా చూడండి

చీకటి పడ్డాకో, షెడ్డు నీడలోనో బండి నిలపండి. తాళం ఆన్ చేయండి, సెల్ఫ్ కొట్టకండి. ఆ క్షణంలో ఇంజిన్, ఆయిల్, బ్యాటరీ, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ గుర్తులన్నీ వెలగాలి. బల్బులు బాగున్నాయని బండి చూపించే పద్ధతి అది. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ గుర్తులు కొన్ని సెకన్లకు వాటంతట అవే ఆరతాయి. మిగతావి ఇంజిన్ స్టార్టయ్యాక ఆరాలి.

వెలిగి ఆరని లైటు సంగతి అందరికీ తెలుసు. అసలు వెలగని లైటునే ఎవరూ పట్టించుకోరు. సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు దీన్ని తప్పకుండా చూడండి. తాళం ఆన్ చేసినా ఇంజిన్ గుర్తు వెలగలేదంటే బల్బు పోయి ఉండాలి, లేదా ఎవరో కావాలనే తీసేసి ఉండాలి. బ్యాటరీ గుర్తు వెలగకపోతే ఇంకో చిక్కు. చాలా పాత బండ్లలో ఆల్టర్నేటర్‌కు మొదటి కరెంటు అందేది ఆ బల్బు గుండానే. బల్బు మాడిపోతే ఆల్టర్నేటర్ బాగున్నా ఛార్జింగ్ మొదలుకాకపోవచ్చు. పది రూపాయల బల్బు కోసం ఆల్టర్నేటర్ విప్పించిన వాళ్ళు నాకు తెలుసు.

రెండో పని: రంగు చూసి, ఆగాలో వెళ్ళాలో తేల్చుకోండి

ఎరుపు అంటే ఆగాలి. పసుపు అంటే నెమ్మదిగా ఇల్లు చేరి చూడాలి. ఆకుపచ్చ, నీలం సమాచారం కోసమే. పసుపులో మినహాయింపులున్నాయి. డీజిల్‌లో నీళ్ళ గుర్తు సంగతి కింద విడిగా చెప్తాను, ఇంకోటి ఇది. ఇంజిన్ గుర్తు వెలిగి ఉండటం కాకుండా మినుకుమినుకుమంటూ ఉంటే, ముఖ్యంగా పెట్రోలు బండ్లలో, సిలిండరులో మంట సరిగా అంటుకోవడం లేదని అర్థం. యాక్సిలరేటర్ తగ్గించి దగ్గరలో ఆపేయండి.

ఆగేటప్పుడు చోటు చూసుకుని ఆగండి. భాకరాపేట ఘాట్‌లోనో మొగిలి ఘాట్‌లోనో మలుపు మధ్యలో లైటు వెలిగితే అక్కడే బ్రేకు కొట్టొద్దు. హజార్డ్ లైట్లు వేసి, వెనకవాళ్ళకు దూరం నుంచే కనబడే చోటికి తెచ్చి పక్కకు తీయండి.

మూడో పని: లైటు ఎప్పుడు వెలిగిందో రాసిపెట్టుకోండి

ఇది చాలామంది చేయరు. ఫోన్‌లో ఒక నోట్ తెరిచి ఇవి రాయండి. చల్లని ఇంజిన్‌కా, వేడెక్కాకా? ఎత్తు ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా? బరువు ఉందా? వాన పడిందా, బండి కడిగించారా? ఏసీ వేసి ఉందా? అంతకుముందు వారంలో బండికి ఏం పని చేయించారు? పికప్ తగ్గిందా, పొగ వచ్చిందా? ఇంకే లైటు కూడా దీంతోపాటు వెలిగింది?

వాన తర్వాతే వెలిగే లైటు కప్లర్లలో (వైర్లను కలిపే ప్లగ్గుల్లో) తడి వైపు చూపిస్తుంది. బంగారుపాళెం మార్కెట్‌కు తోతాపురి కాయ వేసుకుని ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రమే వెలిగే లైటు డీజిల్ ఫిల్టరు వైపో, టర్బో గొట్టాల వైపో చూపిస్తుంది. సర్వీసు చేయించిన మర్నాడే వెలిగితే అక్కడ విప్పి బిగించిన చోటే ముందు చూడాలి. ఈ నాలుగు ముక్కలు చేతిలో ఉంటే సగం పని అయిపోయినట్టే. నాకైతే స్కానర్ కన్నా ఈ నోట్ మీదే ఎక్కువ నమ్మకం.

ఎర్ర లైట్లు

ఆయిల్ గుర్తు, అంటే నూనె చుక్క కారుతున్న డబ్బా. నడుస్తుండగా ఇది వెలిగితే వెంటనే ఇంజిన్ ఆపేయండి. ఇంకో కిలోమీటరు పోదాం, ఊరొచ్చేస్తుంది అనుకోవద్దు. ప్రెషర్ నిజంగానే పడిపోయి ఉంటే ఆ కిలోమీటరులోనే బేరింగులు పోయి ఇంజిన్ మొత్తం విప్పే పని పడుతుంది. బండిని సమంగా ఉన్న చోట నిలిపి పది నిమిషాలాగి డిప్‌స్టిక్ తీసి తుడిచి మళ్ళీ ముంచి చూడండి. తక్కువుంటే సరైన గ్రేడ్ ఆయిల్ పోసి, స్టార్ట్ చేసిన కొన్ని సెకన్లలో లైటు ఆరుతుందో లేదో చూడండి. ఆరకపోతే ఆపేసి తోయించుకునే వెళ్ళాలి. లెవెల్ సరిగ్గా ఉంటే రెండే దారులు. ప్రెషర్ చూసి లైటు వెలిగించే స్విచ్ తప్పు చెప్తుండాలి, లేదా ప్రెషర్ నిజంగా లేకుండా ఉండాలి. ఆయిల్ స్విచ్ కప్లర్ ఊడదీస్తే లోపల ఆయిల్ తడి కనబడిందంటే స్విచ్ మీద అనుమానం పెరుగుతుంది. అయినా అనుమానంతో బండి నడపకూడదు. స్విచ్ విప్పి ఆ రంధ్రంలో చేతి గేజ్ బిగించి ప్రెషర్ చూడమని మెకానిక్‌ను అడగండి. ఆ ఒక్క పరీక్షే తేల్చి చెప్తుంది.

డిప్‌స్టిక్ మీద ఆయిల్ గీత దాటి పైకొచ్చి, డీజిల్ వాసన కొడుతుంటే అది కూడా ప్రమాదమే. డీజిల్ కలిసి ఆయిల్ పల్చబడిందని అర్థం. వేడెక్కాక ఐడ్లింగ్‌లో మాత్రమే ఆయిల్ లైటు మిణుకుమంటుంటే ముందు ఇదే చూడండి.

టెంపరేచర్ గుర్తు. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఎండ నలభై దాటుతుంది, దాంతో పాత రేడియేటర్ల బలహీనత అంతా అప్పుడే బయటపడుతుంది. ముల్లు పైకి పోతుంటే ఏసీ ఆపి, హీటర్ ఫుల్‌గా పెట్టండి. లోపల ఉడికిపోతుంది, అయినా ఇంజిన్ వేడి కొంత బయటికి పోతుంది. ఎర్ర గీత తాకితే పక్కకు తీసి ఆపేయండి. రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. ఆ మూత లోపల ఒత్తిడి నిలుపుతుంది కాబట్టి కూలెంట్ వంద డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత తిప్పిన క్షణంలో అదంతా ఒక్కసారిగా మరిగి మొహం మీదికి చిమ్ముతుంది. కనీసం అరగంట, పై హోస్ పైపు చేత్తో పట్టుకోగలిగేంత చల్లారేదాకా ఆగండి.

చల్లారాక ఈ వరసలో చూడండి. కూలెంట్ ఉందా? హోస్ పైపులు, వాటర్ పంపు కింద తడి మరకలున్నాయా? రేడియేటర్ రెక్కల మధ్య మట్టి, ఎండుగడ్డి, పురుగులు అడ్డుపడ్డాయా? తోటల్లో, పొలంగట్ల మీద తిరిగే బండ్లకు ఇది మామూలు. తర్వాత ఫ్యాన్. ఇంజిన్ బెల్టుతో తిరిగే ఫ్యాన్ మధ్యలో, వేడెక్కినప్పుడు ఫ్యాన్‌ను బిగించి పట్టుకునే విస్కస్ క్లచ్ ఉంటుంది. ఇంజిన్ ఆపి, తాళం తీసి, వేడి మీదే ఫ్యాన్ రెక్కను చేత్తో తిప్పండి. బరువుగా, అతుక్కున్నట్టు తిరగాలి. వదిలేస్తే గిరగిరా తిరుగుతుంటే క్లచ్ పోయింది. మామూలు రోడ్డు మీద గాలికి సరిపోయి, ఘాట్‌లో మాత్రమే వేడెక్కే బండ్లలో నేను మొదట అనుమానించేది దీన్నే.

ఇంకొకటి. చల్లని ఇంజిన్‌కు మూత తీసి స్టార్ట్ చేసి చూడండి. కూలెంట్‌లో బుడగలు ఆగకుండా వస్తుంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ హెడ్‌కూ బ్లాకుకూ మధ్య ఉండే సీలు) పోయిందని అనుమానించాలి. ఈ జిల్లాలో చాలా ఊళ్ళ బోరు నీళ్ళు ఉప్పగా, గట్టిగా ఉంటాయి. బిందెతో అవే పోస్తూపోతే రేడియేటర్ గొట్టాల్లో తెల్లగా పొలుసు కడుతుంది. ఇల్లు చేరడానికి గత్యంతరం లేక పోసినా, వెంటనే దించేసి డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ కలిపి పోయించండి.

బ్రేక్ ఎర్ర గుర్తు. హ్యాండ్ బ్రేక్ పూర్తిగా దించారా చూడండి. దించినా వెలుగుతుంటే బ్రేక్ ఆయిల్ డబ్బా చూడండి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, తగ్గిందని పోసేయడం. ప్యాడ్లు అరిగేకొద్దీ డబ్బాలో మట్టం తనంతట తనే దిగుతుంది. అంటే ప్యాడ్లు అయిపోతున్నాయనో, ఎక్కడో కారుతోందనో ఆ లైటు చెప్తోంది. చక్రాల లోపలి వైపు తడి ఉందా, ప్యాడ్ ఎంత మందం మిగిలింది చూడకుండా ఆయిల్ పోస్తే ఆ హెచ్చరిక నోరు నొక్కినట్టే. పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతుంటే బండి కదపొద్దు.

బ్యాటరీ ఎర్ర గుర్తు నడుస్తుండగా వెలిగితే ముందు బెల్టు చూడాలి. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. పాత డీజిల్ బండ్లు చాలావాటిలో బ్రేకుకు బలమిచ్చే వాక్యూమ్ పంపు ఆల్టర్నేటర్ వెనకే బిగించి ఉంటుంది. కొన్నింటిలో వాటర్ పంపు కూడా అదే బెల్టుతో తిరుగుతుంది. బెల్టు తెగితే ఛార్జింగ్ ఒక్కటే కాదు, రెండు మూడుసార్లు తొక్కాక బ్రేక్ పెడల్ రాయిలా గట్టిపడుతుంది, ఇంజిన్ వేడెక్కుతుంది. దిగుడులో ఉన్నప్పుడు బ్యాటరీ గుర్తుతోపాటు పెడల్ గట్టిపడిందంటే గేరు తగ్గించి, ఇంజిన్ పట్టుతో వేగం తగ్గించి ఆపేయండి.

నాలుగో పని: బ్యాటరీ, ఎర్త్ కొలవండి

రెండు మూడు లైట్లు ఒకేసారి వెలిగాయంటే రెండు మూడు పార్టులు ఒకే రోజు పోవడం అరుదు. వాటన్నింటికీ ఉమ్మడిగా ఉన్నదేదో తేడా చేసి ఉంటుంది. అది సాధారణంగా కరెంటు, లేదా ఎర్త్. ఐదారు వందల్లో దొరికే డిజిటల్ మల్టీమీటర్ కొనుక్కోండి. డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టండి.

బండి రాత్రంతా ఆగి ఉన్నాక, పొద్దున్నే బ్యాటరీ రెండు టెర్మినళ్ళ మీద పెడితే 12.6 వోల్టులు చూపాలి. 12.2 అంటే సగం ఛార్జే ఉంది. మరొకరిని సెల్ఫ్ కొట్టమని చూస్తే ఆ క్షణంలో 9.6 కన్నా కిందికి పోకూడదు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. హెడ్‌లైట్లు, ఏసీ బ్లోయరు అన్నీ వేసినా 13 దాటే ఉండాలి. 15 దాటితే రెగ్యులేటర్ పోయింది, వెంటనే బాగుచేయించండి. లేకపోతే బల్బులతో మొదలై కంప్యూటర్ దాకా మాడతాయి.

ఈ అంకెలన్నీ నా బండిలో సరిగ్గానే ఉన్నాయి. అందుకే మొదటి షెడ్‌లో ఈసీఎం మీదికి పోయారు. నలభై వేలు పెట్టేముందు ఇంకొకరికి చూపిద్దామని, సెల్ఫ్ మోటార్లు, డైనమోలు బాగుచేసే ఒక పెద్ద వయసు ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన బానెట్ ఎత్తి, స్కానర్ అడగలేదు. మల్టీమీటర్ నల్ల వైరు బ్యాటరీ మైనస్ టెర్మినల్ మీద పెట్టాడు. ఎర్ర వైరు ఇంజిన్ మీద, పెయింటు లేని ఒక బోల్టు తలకు ఆనించాడు.

"సెల్ఫ్ కొట్టండి సామీ."

కొట్టాను. మీటర్ నా వైపు తిప్పాడు. 2.1.

"ఇది సున్నాకు దగ్గరుండాల. 0.3 దాటిందంటేనే తేడా. మీ ఇంజిన్‌కు ఎర్త్ లేదు సామీ. ఎర్త్ లేకపోతే సెన్సర్లన్నీ తలా ఒక మాట చెప్తాయి."

"బోల్టు బిగువుగానే ఉంది కదన్నా?"

"పైకి అట్లే ఉంటాది, చూడండి."

ఇంజిన్ నుంచి ఛాసిస్‌కు పోయే ఎర్త్ పట్టీ అది, సన్నని రాగి పోగులను జడలాగా అల్లింది. రెండు చివర్ల లగ్గులు (బోల్టుకు బిగించే రేకులు) శుభ్రంగా మెరుస్తున్నాయి. మధ్యలో ఎవరో ఎప్పుడో చుట్టిన నల్ల టేపు. ఆయన బ్లేడుతో టేపు చీరాడు. లోపల పోగులు కనబడలేదు. మైలుతుత్తం రంగులో ఆకుపచ్చ పొడి ఆయన అరచేతిలోకి రాలింది. పొడి దులిపాక మిగిలిన పోగులు వేళ్ళ మీద లెక్కపెట్టేన్నే. వరద నీళ్ళు ఆ టేపులోకి దూరి, బయటికి పోయే దారిలేక నెల రోజులు రాగిని తినేశాయి.

కొత్త పట్టీ వేసి, లగ్గు కూర్చునే చోట పెయింటు, తుప్పు ఎమరీ పేపర్‌తో తెల్లగా మెరిసేదాకా గీకి, బిగించి, పైన గ్రీజు పూశాడు. మళ్ళీ సెల్ఫ్ కొడితే మీటర్ 0.1 చూపించింది. మూడు లైట్లూ ఆరాయి. ఇంజిన్ లైటు కోసం కంప్యూటరు దాచుకున్న పాత తప్పు నంబరును, అంటే కోడ్‌ను, చెరపాల్సి వచ్చింది, అంతే.

ఈ పరీక్షను వోల్టేజ్ డ్రాప్ అంటారు, మీరే చేయొచ్చు. బ్యాటరీ మైనస్ నుంచి బాడీకి, బ్యాటరీ మైనస్ నుంచి ఇంజిన్‌కు, విడివిడిగా కొలవండి. సెల్ఫ్ తిరిగేటప్పుడే కొలవాలి. కరెంటు పారనప్పుడు చెడిన ఎర్త్ కూడా సున్నానే చూపిస్తుంది. గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేక్ వేసి, వైర్లు ఫ్యాన్‌కు దూరంగా పట్టుకోండి.

అక్కడే ఉన్నారు కాబట్టి ఇంకో రెండు పనులు చేసేయండి. ఫ్యూజులు ఒక్కొక్కటీ లాగి కాళ్ళ మీద తుప్పు, కాలిన మచ్చ చూడండి. బానెట్ కింద వైరింగ్ వెంట వేలు పోనిచ్చి ఎలుకలు కొరికిన చోట్లు వెతకండి. వారాల తరబడి కదలని బండిలో, పైగా పక్కనే వేరుశెనక్కాయల మూటలు పెట్టే ఇళ్ళలో, ఎలుక కొరికిన వైరే చాలా లైట్లకు కారణం.

ఐదో పని: స్కానర్

కోడ్‌లు చదివేముందు మీ బండి ఏ తరానిదో తెలుసుకోండి. మన దేశంలో బండి పొగకు సంబంధించిన బీఎస్-4 నిబంధనలు 2010 ఏప్రిల్‌లో 13 పెద్ద నగరాల్లో మొదలయ్యాయి. దేశమంతటా తప్పనిసరి అయింది 2017 ఏప్రిల్‌లో. కాబట్టి 2011లో అప్పటి చిత్తూరు జిల్లాలో రిజిస్టరైన నా బండిలాంటివి అంతకుముందు తరం, బీఎస్-3. వాటిలో స్టీరింగ్ కింద పదహారు పిన్నుల సాకెట్ ఉన్నా, ఫోన్‌కు బ్లూటూత్‌తో కలిసే చవక అడాప్టర్ అన్నిసార్లూ మాట కలపలేదు. పాత బండ్లు చాలావరకు కె-లైన్ అనే పాత పద్ధతిలో మాట్లాడతాయి. నకిలీ అడాప్టర్లలో కొన్నింటికి ఆ భాష రాదు. యాప్ కనెక్ట్ కాలేదని కంప్యూటర్ పోయిందనుకోవద్దు. ఆ కంపెనీ బండ్లకు సరిపడే స్కానర్ ఉన్న చోట చూపించండి.

కోడ్ వచ్చాక మొదట ఫోటో తీసుకోండి. దాంతోపాటు ఆ క్షణంలో ఇంజిన్ వేగం, వేడి, లోడు ఎంతో చూపే ఫ్రీజ్ ఫ్రేమ్ ఉంటే అది కూడా. అప్పుడే చెరపండి. బ్యాటరీ వైరు పీకి లైటు ఆర్పేసేవాళ్ళు ఈ ఆధారాన్ని కూడా తుడిచేస్తున్నారు.

పీ అక్షరంతో మొదలయ్యేవి ఇంజిన్, గేర్ల వైపువి. సీ అంటే బ్రేకులు, ఛాసిస్. యూ అంటే కంప్యూటర్ల మధ్య మాట తెగిపోవడం. యూ కోడ్‌లు గుంపుగా వస్తే నాలుగో పనికి తిరిగి వెళ్ళండి. పీ 0401 అంటే ఈజీఆర్ (పొగలో కొంత మళ్ళీ ఇంజిన్‌లోకి పంపే ఏర్పాటు) గుండా పొగ సరిగా పారడం లేదని. ఈజీఆర్ వాల్వు మార్చమని ఆ కోడ్ చెప్పడం లేదు. మసి పట్టి అతుక్కుని ఉండొచ్చు, దాన్ని కదిలించే వాక్యూమ్ పైపు చిట్లి ఉండొచ్చు. పీ 0087 అంటే కామన్ రైల్‌లో (ఇంజెక్టర్లన్నింటికీ డీజిల్ అందించే ఉమ్మడి గొట్టంలో) డీజిల్ ఒత్తిడి చాలట్లేదని. రెండు వేల రూపాయల్లోపు ఫిల్టరా, వేలకు వేలయ్యే పంపా అన్నది ఆ కోడ్‌లో లేదు. ముందు ఫిల్టరు మార్చి చూడటమే సబబు. పీ 0299 అంటే టర్బో గాలి చాలట్లేదని. ఇంటర్‌కూలర్ హోస్ పైపుల క్లిప్పుల దగ్గర ఆయిల్ చెమ్మ, చిట్లిన గీత వెతకండి. ఎత్తు ఎక్కేటప్పుడు ఈల వేసినట్టు శబ్దం, నల్ల పొగ, పికప్ పడిపోవడం ఉంటే ఆ పైపే ఎక్కువసార్లు దోషి.

డీజిల్‌లో నీళ్ళ గుర్తు

ఇది పసుపు రంగే అయినా నేను ఎరుపుతో సమానంగా చూస్తాను. కామన్ రైల్ ఇంజిన్‌లో డీజిల్ వెయ్యి బార్‌లకు మించిన ఒత్తిడితో ఇంజెక్టర్లలోకి వెళ్తుంది. ఆ సన్నని భాగాలు ఒకదానికొకటి ఒరుసుకోకుండా నూనె పూతలా కాపాడేది డీజిలే. నీళ్ళు చేరితే పంపు, ఇంజెక్టర్లు గీసుకుపోతాయి.

ఇంజిన్ ఆపి, ఫిల్టరు కింద ఉన్న డ్రెయిన్ మర కొంచెం వదులు చేసి, ఒక గాజు సీసా పట్టండి. పైన చేతి పంపు ఉంటే నాలుగైదుసార్లు నొక్కండి. సీసాను గోడ మీద పెట్టి పది నిమిషాలు వదిలేయండి. నీళ్ళు డీజిల్ కన్నా బరువు కాబట్టి అడుగుకు చేరతాయి. సీసాను వెలుతురుకు ఎత్తి చూస్తే కింద తెల్లగా, పైన పసుపుగా, మధ్యలో దారం గీసినట్టు గీత కనబడుతుంది. ఆ గీత లేకుండా అంతా డీజిలే వచ్చేదాకా వదలండి. మర బిగించి, చేతి పంపుతో గాలి తీసి స్టార్ట్ చేయండి. వారంలోపే మళ్ళీ వెలిగితే ట్యాంకులోనే నీళ్ళున్నాయి, ట్యాంకు దించి కడిగించాలి. నీళ్ళు రాకుండానే గుర్తు వెలుగుతుంటే ఫిల్టరు కింద సెన్సరు కప్లర్‌లో తడి ఉందేమో చూడండి.

ఏబీఎస్

ఏబీఎస్ పసుపు గుర్తు ఒక్కటే వెలిగితే మామూలు బ్రేకులు పనిచేస్తాయి, గట్టిగా తొక్కితే చక్రాలు లాక్ కావచ్చు. దాంతోపాటు ఎర్ర బ్రేక్ గుర్తు కూడా వెలిగితే ముందు వెనక చక్రాల మధ్య బ్రేకు పంచే పని కూడా ఆగిపోయి ఉండొచ్చు. అప్పుడు నెమ్మదిగా మాత్రమే నడిపి చూపించుకోండి.

చక్రం దగ్గరుండే సెన్సరు మొన అయస్కాంతం కాబట్టి ఇనుప రజను పట్టుకుంటుంది. స్వర్ణముఖి ఇసుకలో దిగొచ్చిన బండ్లలో ఇది ఇంకా ఎక్కువ. విప్పి గుడ్డతో తుడవండి, వైరు స్టీరింగ్ తిప్పినప్పుడు ఎక్కడైనా ఒరుసుకుంటోందా చూడండి. చక్రం జాకీ మీద ఎత్తి పైన కింద పట్టుకుని ఊపితే చక్రం లటలటా ఊగిందంటే బేరింగు వదులైంది. సెన్సరుకు, పళ్ళ చక్రానికి మధ్య సందు మారిపోయి లైటు వెలుగుతుంది. సెన్సరు కొనేముందు బేరింగు చూడాలి.

ఎయిర్‌బ్యాగ్ గుర్తు గురించి ఒక్క మాట. దాని వైర్ల మీద మల్టీమీటర్ పెట్టొద్దు. సీటు కింద కప్లర్ కదిలి ఉంటే కూడా తాళం ఆన్‌లో ఉండగా ముట్టుకోవద్దు. అది తెలిసినవాళ్ళ పని.

ఫోర్ బై ఫోర్ లైటు

లీవర్‌తో వేసే పాత బండ్లలో ఈ లైటు కథ చిన్నది. ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక చక్రాలకు లాగే బలాన్ని పంచే గేరు పెట్టె) మీద ఒక స్విచ్, దానికో వైరు. లైటు వెలిగి ముందు చక్రాలు లాగకపోయినా, లాగుతున్నా లైటు వెలగకపోయినా ఆ స్విచ్, ముందు హబ్బులు (ముందు చక్రాలను యాక్సిల్‌తో కలిపేవి) చూడాలి. మెత్తటి ఇసుకలో ఫస్ట్ గేరులో మెల్లగా కదిలిస్తూ, పక్కన దూరంగా నిలబడిన మనిషిని ముందు చక్రం ఇసుక తవ్వుతోందా చూడమనండి. లైటుండి చక్రం తవ్వకపోతే హబ్బు కలవలేదు. వాక్యూమ్‌తో కలిసే హబ్బులున్న బండిలో సన్న రబ్బరు పైపులు ఎండకు చిట్లుతాయి. హబ్బు దాకా వేలితో తడిమి చూడండి.

బటన్‌తోనో తిప్పే నాబ్‌తోనో వేసే బండ్లలో లైటు మిణుకుమిణుకుమంటూ ఉండిపోతే గేరు మారడం పూర్తికాలేదని అర్థం. ముందుగా స్టీరింగ్ నేరుగా ఉంచి రెండు మూడు మీటర్లు వెనక్కి, మళ్ళీ ముందుకు నెమ్మదిగా నడపండి. గేర్ల మధ్య బిగుసుకున్న ఒత్తిడి వదిలి లైటు స్థిరపడటం నేను చాలాసార్లు చూశాను. తారు రోడ్డు మీద ఫోర్ బై ఫోర్ వేసి మలుపు తిప్పినప్పుడే ఈ బిగువు వస్తుంది. తారు మీద వేయకండి.

అప్పటికీ ఆరకపోతే నాలుగు టైర్ల సైజు, అరుగుదల పోల్చండి. ముందు రెండు కొత్తవి, వెనక రెండు బోడివి అయితే ముందు వెనక వేగాల్లో తేడా వస్తుంది. తర్వాత బ్యాటరీ. గేరు మార్చే మోటారుకు బలమైన కరెంటు కావాలి. అప్పుడు బండి కిందికి దూరి, ట్రాన్స్‌ఫర్ కేసు మీది మోటారు కప్లర్ విప్పండి. నా బండిలో రెండో ఏడు ఈ లైటు మళ్ళీ వచ్చినప్పుడు ఆ కప్లర్ నిండా గట్టిపడిన ఎర్రమట్టి ఉంది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, మెత్తని బ్రష్‌తో తుడిచి, ఎండబెట్టి పెడితే సరిపోయింది. వింటే చిన్న పనే. అది చూడకుండా మోటారే మార్చిన వాళ్ళున్నారు.

ఏళ్ళ తరబడి వాడకుండా వదిలేసిన మోటారు ఉన్న చోటే బిగుసుకుంటుంది. నెలకోసారి, తలకోన దారి మట్టి రోడ్డులోనో మీ తోటలోనో రెండు మూడు కిలోమీటర్లు ఫోర్ హై (4H) గేరులో నడపండి. ఎక్కువ బలమిచ్చే నెమ్మది గేరు, ఫోర్ లో (4L) వేయాలంటే పూర్తిగా ఆగి, క్లచ్ తొక్కి వేయాలి.

పని అయ్యాక

లైటు ఆరిందని సంతకం పెట్టేసి రావద్దు. మూడో పనిలో రాసుకున్న నోట్ తీసి, లైటు ఏ పరిస్థితిలో వెలిగిందో అదే పరిస్థితిలో బండి నడపండి. ఎత్తు ఎక్కేటప్పుడు వెలిగితే అదే ఎత్తు, అదే బరువుతో. వానలో వెలిగితే చక్రాల పైభాగం, కప్లర్ల వైపు మామూలు పైపుతో నీళ్ళు కొట్టి చూడండి. ప్రెషర్ వాషర్ వద్దు. మెకానిక్ దగ్గరికే వెళ్ళాల్సివస్తే ఇంజిన్ లైటు ఆర్పించుకుని కాకుండా, వెలిగి ఉండగానే వెళ్ళి, ఆ నోట్, కోడ్ ఫోటో, కొలిచిన వోల్టుల అంకెలు చూపించండి. ఏం మార్చాడో అడిగి, తీసిన పాత పార్టు ఇంటికి తెచ్చుకోండి. నా గ్యారేజీలో ఆ ఆకుపచ్చబడిన ఎర్త్ పట్టీ ఇప్పటికీ మేకుకు వేలాడుతోంది. మా వీధిలో ఎవరి బండిలోనైనా మూడు లైట్లు ఒకేసారి వెలిగాయంటే ముందు దాన్నే తీసి చేతికిస్తాను.